ముప్పై అయిదో మనిషి

పదమూడో పిల్లవాడు లోపలికి వచ్చి కూర్చున్న కాసేపటికి గోడమీది ఎర్ర అంకె కదిలింది.

"టీచర్, ఎక్కుతోందండి!" అని కేకేసింది కెజియా.

తొమ్మిదో తరగతి పిల్లలంతా మెడలెత్తి చూశారు. పన్నెండుమంది ఉన్నంతసేపూ గదిలో చెడుగాలి ఎంతుందో చెప్పే ఆ అంకె పావుశాతం దగ్గర కదలకుండా నిలబడింది. పదమూడో మనిషి రాగానే మెల్లగా పైకి పాకడం మొదలెట్టింది. సైన్సు టీచరు జ్ఞానసుందరి తలుపు తీసి పద్నాలుగోవాణ్ణి పిలిచింది. ఆ తర్వాత పదిహేను, పదహారు. మనుషులు పెరిగినకొద్దీ అంకె ఎక్కే వేగమూ పెరిగింది. కెజియా మీటరు చూసి చెబుతుంటే మిగతావాళ్లు నోటుపుస్తకాల్లో చుక్కలు పెట్టి గీత కలుపుతున్నారు. గీత మొదట నేలమీద పాకింది, తర్వాత మెట్టెక్కింది, ఇప్పుడు గోడెక్కుతోంది.

ఆ గది బడి వెనక, ఆటస్థలం చివర ఉంది. ఆరు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. గోడలు రెండు పొరల గాజు. పొరల మధ్య చిక్కటి ఆకుపచ్చ నీళ్లు, వాటిలోంచి అదేపనిగా పైకి లేచే బుడగలు. ఆ పచ్చదనం జ్ఞానసుందరి తమ్ముడు ప్రభుదాసు ఏడేళ్లు కూర్చుని తయారుచేసిన నాచు. గదిలోని గాలిని ఒక పంపు లాగి ఆ నీళ్లలోకి వదులుతుంది. మనుషులు విడిచిన చెడుగాలిని నాచు తాగేసి మంచిగాలిని తిరిగిస్తుంది. బయటి గాలితో పనే లేదు. రెండు తలుపులు, వాటి మధ్య ముగ్గురు పట్టే ఇరుకు అర. ఒక తలుపు మూస్తేగాని రెండోది తెరుచుకోదు. పిల్లలు దానికి ఊపిరిగది అని పేరు పెట్టుకున్నారు. మూసిన ఇల్లులాంటి ఈ భూమ్మీద ఎందరు బతకగలరన్న పాఠం పుస్తకంలో మూడు పేజీలుంటే, జ్ఞానసుందరి దాన్ని ఈ గదిలో ఒక్క పూటలో చెబుతుంది.

"అంకె ఎంత దాటితే ప్రమాదం?" అని అడిగింది ఆమె.

"మూడు శాతం అండి!" అన్నారందరూ.

"ఈ గది మోయగలిగింది ఎంతమందిని?"

"పన్నెండు మందినండి!"

"మరి పదమూడోవాడు వస్తే?"

వెనక వరసలోంచి లోహిత్ లేచాడు. వాళ్ల నాన్నకు యాభై ఎకరాల రొయ్యల చెరువులున్నాయి. "మన ఊరు కూడా అంతే కదా టీచర్. ఒడిశావాళ్లు వచ్చి పడ్డాకే కదండీ నీళ్లు అయిపోయింది. మా నాన్నగారు అంటారు, వాళ్లని పంపించేస్తే ఊరికి ఊపిరాడుద్దని."

కొందరు నవ్వారు. నాగిడిపాలెంలో పదేళ్ల కిందట ఆరు వేలమంది ఉండేవారు. రొయ్యల షెడ్లు, ఐసు ఫ్యాక్టరీలు వచ్చాక పదిహేడు వేలయ్యారు. కాలవ నీళ్లు నోట్లో పెట్టుకునే పరిస్థితి లేదు. ఇరవై లీటర్ల టిన్ను కోసం ఆడవాళ్లు పొద్దున్నే వరస కడుతున్నారు. చెరువుల్లోకి పోయే నీళ్లెన్ని, మనుషులు తాగే నీళ్లెన్ని అన్న మాట జ్ఞానసుందరి నోటిదాకా వచ్చింది. అంతలో గంట కొట్టారు.

"సరే, గీతలు పూర్తి చేసి తీసుకురండి. ఎవరేమన్నా లెక్క అబద్ధమాడదు" అని పాఠం ముగించింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్రభుదాసుకు ఆ సంగతి చెప్పింది. అతను భీమవరంలో చిన్న ప్రయోగశాల పెట్టుకుని అక్కడే ఉంటాడు, ఆదివారాలు అక్క ఇంటికి వస్తాడు. చేపల పులుసు కలుపుకుంటూ విన్నాడు.

"పన్నెండు, పన్నెండు అని పిల్లలకి అంత గట్టిగా చెప్పకక్కా. అది నేను భయపడుతూ పెట్టిన అంకె. నాచు ఏ రోజు ఎలా ఉంటుందో నాకే సరిగ్గా తెలియదు."

"పిల్లలకి ఒక అంకె చెప్పాలి కదరా. బహుశా, ఏమో అంటూ పాఠం చెబితే వాళ్లేం నేర్చుకుంటారు?"

"ఆ బహుశానే సైన్సు" అని నవ్వాడు ప్రభుదాసు. ఆమె ఇంకో ముక్క వడ్డించి మాట మార్చేసింది.

జనవరి రెండో శనివారం బడికి సెలవు. పొద్దున్న తొమ్మిదింటికి జ్ఞానసుందరి పదకొండుమంది పిల్లల్ని వెంటబెట్టుకుని ఊపిరిగదిలోకి వెళ్లింది. సాయంత్రం అయిదు వరకూ లోపలే ఉండి, ఆడితే ఎంత గాలి ఖర్చవుతుందో, పడుకుంటే ఎంతో లెక్క రాయాలని వాళ్ల ఆలోచన. బయట దట్టంగా మంచు పట్టింది. ఆకు కదలడం లేదు.

తొమ్మిదీ నలభైకి కాలవ అవతల ఐసు ఫ్యాక్టరీ సైరను మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది.

ఏమైందో చూద్దామని జ్ఞానసుందరి రెండు తలుపులూ దాటి బయటికొచ్చింది. ముందు ఘాటు తగిలింది, ముక్కులో సూదులు గుచ్చినట్టు. కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. కాలవ మీది మంచులో ఒక తెల్లటి దుప్పటి నేలను ఒరుసుకుంటూ ఇటువైపే వస్తోంది. దాని ముందు మనుషులు పరుగెత్తుతున్నారు. ఫ్యాక్టరీకీ బడికీ మధ్య ఉన్న రేకుల షెడ్లలో కాపురముండే ఒడిశా కూలీలు వాళ్లు. ఊరు కాలవకు అటుపక్క ఉంది. ఊళ్లోవాళ్లు అటునుంచటే పారిపోవచ్చు. వీళ్లకు వెనక గ్యాసు, ఎడమపక్క రొయ్యల చెరువులు, కుడిపక్క బడి ప్రహరీగోడ. తెరిచున్నది బడి గేటొక్కటే.

"ఇటు రండి! ఇటు!" అని ఆమె గొంతు చించుకుని అరిచింది.

ముందుగా వచ్చినామె పేరు సుకాంతి. ఐసు ఫ్యాక్టరీ పక్కనే ఉన్న షెడ్డులో రొయ్యల తలలు తీసే పని ఆమెది. చంకలో రెండేళ్ల పాప. ఆమె లోపలికి పోతూనే ఆగి వెనక్కి తిరిగింది.

"టీచర్, బట్ట తడుపు. అందరికీ తడుపు. ఈ అమోనియా గ్యాసుకి నీళ్లంటే ఇష్టం. నీళ్లు చూస్తే అందులోకే పోతుంది."

ఆడపిల్లలు చున్నీలు తీసి గది మూలనున్న నీళ్ల డ్రమ్ములో ముంచారు. కొన్ని ముక్కులకు కట్టుకున్నారు, కొన్ని తలుపుల సందుల్లో కుక్కారు. లోహిత్ ఒక బకెట్టు పట్టుకుని అరలో నిలబడి, వచ్చిన ప్రతి ఇద్దరి మీదా నీళ్లు కుమ్మరించి లోపలికి తోశాడు. వాడికి దగ్గు తెర ఆగడం లేదు. అయినా అక్కణ్ణించి కదల్లేదు. ముసలివాళ్లు, బాలింత, భుజాన మనిషిని మోసుకొచ్చిన మనిషి. తలుపు తెరిచిన ప్రతిసారీ ఘాటు లోపలికి ఉరికి వస్తోంది.

పదీ అయిదుకు ఆటస్థలం మొత్తం తెల్లగా కమ్ముకుపోయింది. ఆ తెలుపులోంచి ఇక ఎవరూ రాలేదు. జ్ఞానసుందరి రెండు తలుపులూ మూసి గడియలు బిగించింది.

"ఎంతమందిమి?"

కెజియా వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. "ముప్పై నాలుగండి."

ఆ అంకె విన్నాక పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ప్రభుదాసుకు ఫోను కలిసింది. అతను గట్టిగా ఊపిరి పీల్చుకుని నెమ్మదిగా మాట్లాడాడు. "ఫైరువాళ్లు బయల్దేరారక్కా. నేనూ వస్తున్నాను. గ్యాసు తగ్గేదాకా ఎవరూ అటు రాలేరు. ఒంటిగంట కావచ్చు. అందరినీ కూర్చోబెట్టు, మాట్లాడనివ్వకు. లైట్లు పూర్తిగా పెంచు. మీటరు మూడు దాటకుండా చూసుకో." ఆ తర్వాత లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

పదిన్నరకు ఒక శాతం. పదకొండుకు ఒకటీ ముప్పావు. పదకొండున్నరకు రెండూ పాతిక. మోకాళ్లు మడుచుకుని, వీపుకు వీపు ఆనించుకుని కూర్చున్నారు. పాపల ఏడుపు కూడా నీరసంగా వస్తోంది. తలనొప్పి అని ఒక్కొక్కరే కణతలు పట్టుకుంటున్నారు. గాజుగోడల మీద ఆవిరి పట్టి చుక్కలు చుక్కలుగా కారుతోంది. కెజియా మీటరు కిందే నిలబడి అయిదు నిమిషాలకోసారి అంకె చదువుతోంది. మొదట్లో పైకే చెప్పేది. తర్వాత జ్ఞానసుందరి సైగ చేస్తే నోటుపుస్తకంలో రాసి చూపించడం మొదలెట్టింది. ఆ గీత ఎటు పోతుందో పది రోజుల కిందటే గీసి చూసింది ఆ పిల్ల.

పన్నెండూ అయిదుకు పుస్తకంలో రెండు పాయింట్ ఎనిమిది అని రాసింది.

పన్నెండూ ఏడుకు బయటి తలుపు మీద ఎవరో కొట్టారు.

మూడు దెబ్బలు. కాసేపాగి మళ్లీ రెండు. ఇనుప తలుపు, అద్దం లేదు. గోడల్లోని పచ్చనీళ్లలోంచీ బయట ఉన్నదెవరో కనబడదు. లోపల అందరూ తలలెత్తారు. జ్ఞానసుందరి మనుషుల్ని దాటుకుంటూ వెళ్లి లోపలి తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

"టీచర్" అంది కెజియా. "రెండు పాయింట్ ఎనిమిదండి. ఇప్పుడు తీస్తే గ్యాసు వస్తుందండి. అందరూ దగ్గుతారు. మూడు దాటిపోద్దండి. చోటు... చోటు లేదండి."

జ్ఞానసుందరి చెయ్యి గడియ మీదే ఉంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. లోపలివాళ్లంతా ఆమె చేతినే చూస్తున్నారు. భుజాన మనిషిని మోసుకొచ్చినతను తలొంచుకున్నాడు. ఎవరో ముసలాయన వద్దన్నట్టు అరచెయ్యి ఊపాడు. సుకాంతి ఒళ్లోని పాపను గుండెకు అదుముకుంది.

"వద్దు టీచర్" అంది. "పాపకి ఊపిరి ఆడట్లేదు. తలుపు తియ్యకు."

మళ్లీ ఒక దెబ్బ. ఈసారి అరచేత్తో కొట్టినట్టు మెత్తగా. ఆ తర్వాత తలుపు కిందివరకూ ఏదో ఒరుసుకుంటూ జారిన చప్పుడు.

జ్ఞానసుందరి గడియ మీంచి చెయ్యి తీసేసింది.

పన్నెండూ యాభై అయిదుకు ఫైరువాళ్లు తలుపు తీశారు. బయట నీళ్ల గొట్టాలు చిమ్ముతున్నాయి. మంచు విడిచి ఎండ కాస్తోంది. ఒక్కొక్కర్నీ పట్టుకుని నడిపించారు. ముప్పై నలుగురూ ప్రాణాలతో బయటికొచ్చారు.

గది పక్కన మొక్కలకు నీళ్లు పెట్టే కుళాయి ఉంది. దాని కింద ఒకతను బోర్లా పడున్నాడు. తలమీద తడి గోనెసంచి. కుళాయి ఇంకా కారుతూనే ఉంది. తలుపు దగ్గర్నుంచి కుళాయి వరకూ పాకిన చార మట్టిలో కనబడుతోంది.

"బతికే ఉన్నాడు, ఇటు తీసుకురండి!" అని అరిచాడు ఫైరు ఆఫీసరు. స్ట్రెచరు ఎత్తుతూ జ్ఞానసుందరితో అన్నాడు: "ఇతనే అమ్మా, ఫ్యాక్టరీలో ఆపరేటరు. అందరూ పారిపోతుంటే వెనక్కెళ్లి వాల్వు కట్టాడు. రెండు గంటలు పట్టిందంట. లేకపోతే సాయంత్రానిక్కూడా మేం లోపలికి రాలేకపోయేవాళ్లం."

సుకాంతి చొక్కా చూసి గుర్తుపట్టింది. ఆమె అరవలేదు, ఏడవలేదు. పాపను పక్కనున్న ఎవరికో ఇచ్చి, స్ట్రెచరు వెనక నాలుగడుగులు వేసి, ఆటస్థలం మధ్య కూలబడిపోయింది. అతను ఆమె భర్త దండపాణి.

షెడ్లలో మంచాన ఉన్న ఇద్దరు ముసలివాళ్లు చనిపోయారు. దండపాణి బతికాడు. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడికన్ను తెల్లబడి, మనిషి నీడ మాత్రం తెలుస్తోంది.

మర్నాడు పేపర్లలో జ్ఞానసుందరి ఫోటో వేశారు. ముప్పై నాలుగు ప్రాణాలు నిలబెట్టిన టీచరమ్మ అని రాశారు. శాలువాలు కప్పారు. ప్రతి సభలోనూ ఆమె ఒకటే చెప్పింది, పిల్లల ధైర్యం అని. కుళాయి దగ్గర దొరికిన మనిషి గురించి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

మూడు వారాల తర్వాత ఆదివారం ప్రభుదాసు ల్యాప్‌టాపు పట్టుకుని వచ్చాడు. చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వచ్చేశాడు. ఆమె బీరకాయలు చెక్కు తీస్తోంది.

"అక్కా, నాచు చచ్చిపోయిందనుకున్నాం కదా. చావలేదు. ఆ రోజు రికార్డంతా బయటికి తీశాను. ఇది చూడు."

తెరమీద ఒక గీత. పది నుంచి నిలువునా ఎక్కింది. పదకొండూ యాభై దగ్గర మెడ వంచింది. ఆ తర్వాత దిగడం మొదలెట్టింది.

"ఇదేంటి? దిగిందా?"

"దిగింది! తలుపు తీసినప్పుడల్లా వచ్చిన అమోనియా ఎక్కడికి పోయిందనుకున్నావు? పంపు లాగి నాచు నీళ్లలో కలిపేసింది. మన పొలాల్లో యూరియా వేస్తే ఏమవుతుంది? అదే అయ్యింది. కాస్త కాస్త అందేసరికి నాచు మూడింతలు పని చేసింది. ఇది నేను కలలో కూడా..." అతను అక్క మొహం చూసి ఆగిపోయాడు.

ఆమె కత్తిపీట పక్కన పెట్టి, తడిచేత్తోనే తెరమీద ఒకచోట వేలు పెట్టింది. పన్నెండూ ఏడు.

"ఇక్కడ ఎంతుంది?"

"రెండున్నర."

"మీటరు రెండు పాయింట్ ఎనిమిది చూపించింది."

"మీటరు చూపించేది ఇరవై నిమిషాల సగటక్కా. అంకె ఊరికే గెంతులేస్తుంటే పిల్లలు కంగారుపడతారని నువ్వే అలా పెట్టమన్నావు." ఆ మాట పూర్తయ్యాక గాని దాని బరువు అతనికి తెలియలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆమె వేలు తియ్యకుండానే అడిగింది. "అతను లోపలికి వచ్చుంటే?"

"తలుపు తీస్తే కొంచెం ఎక్కేది. మళ్లీ దిగేది. ఇంకో అయిదారుగురు వచ్చినా మూడు దాటేది కాదు."

"ఇది ఎవరికీ చూపించకురా."

"అక్కా..."

"ఆ పిల్ల చచ్చిపోతుందిరా. అంకె చదివింది అది. పద్నాలుగేళ్లు దానికి. ఆ రోజునుంచి బడికి రావడం లేదు."

ప్రభుదాసు తల పట్టుకున్నాడు. మెల్లగా అన్నాడు. "ఇలాంటి గదులు ఇంకో నాలుగు ఊళ్లలో కట్టమని అడుగుతున్నారు. రేపు అక్కడ తలుపు దగ్గర ఇంకో టీచరు నిలబడుతుంది. గోడమీది అంకె పాతదని ఆమెకి తెలియాలా, వద్దా? నువ్వే చెప్పు, వద్దంటే దాచేస్తాను."

బీరకాయలు అలాగే ఉండిపోయాయి. ఆ పూట వాళ్లిద్దరూ అన్నం తినలేదు.

సోమవారం బడి అయ్యాక జ్ఞానసుందరి ఆ గీతను కాగితం మీద తీసుకుని కెజియా ఇంటికి వెళ్లింది. తల్లి దయామణి గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"రండమ్మా. ఏటి సెయ్యాలో తెలవట్లేదండి. ముద్ద పెడితే రెండు మెతుకులు. ఎవరో తలుపు కొడతన్నారంటది. నేనెళ్లి సూత్తే ఎవరూ ఉండరు. మీ మాటంటే వింటదని..."

కెజియా మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. జ్ఞానసుందరి పక్కన కూర్చుని కాగితం ఆమె ఒళ్లో పెట్టింది.

పిల్ల కాగితం చూసింది. తెలివైన పిల్ల. ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. వేలితో గీత వెంట నడిచి, పన్నెండు దాటిన చోట ఆగింది.

"దిగుతోందండి."

"అవునమ్మా."

"నేను చదివింది పాత అంకె."

"అవును. మీటరును అలా పెట్టించింది నేను. నువ్వు కనబడింది చదివావు. గడియ మీద చెయ్యి నాది. తీసేసిందీ నేనే."

"అంటే ఆయన కూడా లోపల పట్టేవారు."

"పట్టేవాడు."

కెజియా ఏడుస్తుందనుకుంది జ్ఞానసుందరి. ఏడవలేదు. మూడు వారాలుగా లోపల కుక్కుకున్నదేదో నోటిదాకా తెచ్చుకుంటున్నట్టు పెదాలు కదిపింది.

"టీచర్, మన పాఠంలో మనిషికింత గాలి ఖర్చు అని రాసుకున్నాం. పన్నెండు గడులు గీసి ప్రతి గడిలో అదే రాశాం. సుకాంతమ్మగారు బట్టలు తడపమన్నారు కదండీ, అది ఏ గడిలో రాయాలి? లోహిత్ నీళ్లు పోశాడు. ఆయన వాల్వు కట్టారు. అవన్నీ ఎక్కడ రాయాలండీ?"

జ్ఞానసుందరికి ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో జవాబు లేని ప్రశ్న ఎదురవ్వడం కొత్త కాదు. తెలుసుకుని చెబుతానమ్మా అని దాటేసేది. ఈసారి అలా అనలేకపోయింది.

"నేను ఆ గడి గియ్యలేదమ్మా" అంది. "లోహిత్ ఆ రోజు ఒడిశావాళ్లని పంపించెయ్యాలన్నప్పుడు కూడా గంట కొట్టారని ఊరుకున్నాను. ఇంకో రెండు నిమిషాలు ఆగుండాల్సింది."

కెజియా కాగితం నాలుగు మడతలు పెట్టింది. "ఆయన దగ్గరికి వెళ్దామండీ."

"ఏమంటాడో తెలియదమ్మా. తిట్టొచ్చు."

"తిడితే తిట్టనివ్వండి."

దండపాణి ఆస్పత్రి నుంచి వచ్చి నాలుగు రోజులైంది. రేకుల షెడ్డు ముందు నులకమంచం మీద, గోడకు జారగిలబడి కూర్చున్నాడు. పాప అతని కాలు పట్టుకుని ఆడుకుంటోంది. సుకాంతి పనికి వెళ్లింది. పక్క షెడ్డామె దూరంగా కూర్చుని పాపమీద ఒక కన్నేసి ఉంచింది. అడుగుల చప్పుడుకు దండపాణి తల తిప్పాడు.

"ఎవరు?"

"బడి టీచర్ని బాబూ. జ్ఞానసుందరిని. నా స్టూడెంటు కెజియా."

అతను మంచం మీద కొంచెం పక్కకు జరిగాడు. "కూర్చో టీచర్."

వాళ్లు కూర్చోలేదు. కెజియా అతని ఎదురుగా నిలబడింది. మాట గబగబా వచ్చేసింది. "చోటు లేదని చెప్పింది నేనండి. మీటరు చూసి. చోటుందండి. నాకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది."

"గడియ తీయనిది నేను" అంది జ్ఞానసుందరి.

దండపాణి పాప తలమీద చెయ్యి వేసి వెంట్రుకలు వెనక్కి దువ్వుతున్నాడు. పక్క షెడ్డు రేడియోలో ఒడియా పాట ఏదో వస్తోంది.

"సుకాంతి చెప్పింది" అన్నాడు చివరికి. "తియ్యొద్దని తనూ అన్నదంట. రోజూ చెప్తుంది, రోజూ ఏడుస్తుంది. లోపల ఎంతమంది?"

"ముప్పై నాలుగు."

"అందరూ బతికారా?"

"అందరూ."

"పాప కూడా." అది అడిగినట్టు లేదు, తనకు తాను చెప్పుకున్నట్టుంది. "నేను తలుపు కొట్టినప్పుడు లోపల దగ్గు వినబడింది. మనుషులున్నారు అనుకున్నాను. తీస్తారు అనుకున్నాను."

జ్ఞానసుందరి తలొంచుకుంది. క్షమించమని అడగాలనుకుంది. అడిగితే అతను ఏదో ఒకటి చెప్పి తీరాలి. ఆ బరువు కూడా అతని నెత్తిన పెట్టడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

"మా తమ్ముడు అన్నీ రాసి అందరికీ పంపుతున్నాడు" అంది. "మీ పేరు కూడా రాయమన్నాను. తలుపు తియ్యలేదని కూడా."

దండపాణి తలాడించాడు. ఒప్పుకున్నాడో, విన్నానని చెప్పాడో తెలియలేదు.

మంచం కోడు పక్కన చిన్న పీట మీద కళ్లలో వేసే మందు సీసా ఉంది. అతను చెయ్యి చాచి తడుముకుంటూ దాన్ని అందుకున్నాడు. మూత తిప్పి, తల వెనక్కి వాల్చి, కుడికంటి మీదికి ఒంచాడు. చుక్క చెంపమీద పడింది. రెండోది కణత మీదికి జారింది. సీసాలో మందు అడుగుకు వచ్చేసింది.

"రెండు గంటలకొకసారి వెయ్యాలి" అన్నాడు విసుగ్గా. "సుకాంతి ఉంటే తను వేస్తుంది."

కెజియా అడుగు ముందుకేసింది. "నేను వెయ్యనాండీ?"

అతని చెయ్యి గాల్లో ఆగిపోయింది. గొంతు వచ్చిన దిక్కుకు మొహం తిప్పాడు. ఎదురుగా ఉన్న నీడలో ఏం వెతికాడో, ఆ సీసాను కాసేపు పిడికిట్లోనే పట్టుకుని ఉన్నాడు. పాప అతని మోకాలు పట్టుకుని లేచి నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

అతను సీసా చాచాడు. కెజియా అందుకుంది. ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

దండపాణి మొహం పైకెత్తి, తెల్లబడ్డ ఆ కన్ను వీలైనంత పెద్దది చేసి, కదలకుండా కూర్చున్నాడు.